సరిహద్దు రేడియో: అమెరికా–మెక్సికో మీడియం వేవ్ తగవు

1930ల నుంచి 1980ల దాకా మెక్సికో ఉత్తర సరిహద్దు పట్టణాల్లో నడిచిన అధికశక్తి ఎ.ఎం. స్టేషన్లను సరిహద్దు రేడియోలు అంటారు. ట్రాన్స్‌మీటరు ఎక్కువగా రియో గ్రాండే నదికి దక్షిణపు ఒడ్డున ఉండేది. ప్రసారం ఇంగ్లీషులో సాగేది, శ్రోతలు ఉత్తరాన ఉండేవారు. అమెరికా తన స్టేషన్లకు 50 కిలోవాట్లు గరిష్ఠమని గీత గీస్తే, ఇవి 100, 250, ఒక దశలో 500 కిలోవాట్ల దాకా వెళ్లాయి. వీటి చరిత్రను సాధారణంగా దొంగవైద్యుల కథగా చెబుతారు. ఆ కథ నిజమే కానీ సగమే. మిగతా సగం తరంగాల పంపకంలో మెక్సికోకు వాటా దక్కకపోవడం.

రాత్రి ఆకాశం చేసే పని

ఈ ఎ.ఎం. స్టేషన్లు వాడే మీడియం వేవ్ పగలు నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది. తడి నేల, ముఖ్యంగా ఉప్పునీరు, దాన్ని దూరం మోస్తుంది. ఎండిన రాతినేల తొందరగా మింగేస్తుంది. పగటివేళ పైకి పోయిన తరంగాన్ని అయనావరణంలోని కింది పొర పీల్చేస్తుంది. పొద్దు గుంకాక ఆ పొర మాయమవుతుంది. తరంగం ఇంకా పైనున్న పొరలను తాకి వందల, వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతుంది. ఇలాంటి పొర ఉండాలని 1902లో శాస్త్రవేత్తలు కెనెలీ, హెవిసైడ్ విడివిడిగా ఊహించారు. 1924లో ఆపిల్టన్ ప్రయోగంతో చూపాడు, 1947లో నోబెల్ బహుమతి పొందాడు. రాత్రిపూట దూరపు స్టేషను పాటల కోసం ముల్లును వెంట్రుకవాసి కదుపుతూ కూర్చున్న తరానికి ఈ భౌతికశాస్త్రం చెవులకు తెలిసిందే: గొంతు దగ్గరవుతుంది, దూరమవుతుంది, మధ్యలో మరో దేశం మాట వచ్చి పడుతుంది.

రెండు స్టేషన్లు ఒకే పౌనఃపున్యం మీద ఉంటే ఒకదాని మీద ఒకటి పడతాయి. 5 కిలోహెర్ట్జ్ తేడాతో ఉంటే ఇంకా అధ్వానం. ఆ తేడాయే ఒక సన్నని కూతగా రిసీవర్లో వినిపిస్తుంది. అమెరికా ఖండాల్లో చానెళ్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్. సరిగ్గా మధ్యన దూరిన స్టేషను ఇరుపక్కలనూ చెడగొట్టగలదు.

శక్తి గురించి ఒక అపోహ ఉంది. పది రెట్లు కిలోవాట్లు పెడితే పది రెట్లు బలంగా వినిపించదు. క్షేత్రబలం శక్తికి వర్గమూలంగా పెరుగుతుంది కాబట్టి దక్కేది మూడింతలకు కాస్త పైన. అయినా ఆ మూడింతలు రాత్రిపూట అవతలివాడి స్టేషన్ను ముంచేయడానికి చాలు.

ఇద్దరి మధ్య పంపకం

1924లో అమెరికా, కెనడా 96 చానెళ్లను తమలో తాము సర్దుకున్నాయి. 6 కెనడాకు ప్రత్యేకం, కొన్ని ఉమ్మడి, మిగతావన్నీ అమెరికావి. మెక్సికో, క్యూబాలను పిలవలేదు. అప్పటికి మెక్సికోలో స్టేషన్లు తక్కువ కావడంతో అడిగేవారూ లేరు. 1927లో ఏర్పడిన అమెరికా ఫెడరల్ రేడియో కమిషన్ మరుసటి ఏడు చానెళ్లను తిరిగి పంచింది. వాటిలో 40 ‘క్లియర్ చానెళ్లు’, అంటే రాత్రి దేశం మొత్తంలో ఒక్క స్టేషనుకే దఖలు పడ్డ పౌనఃపున్యాలు. మెక్సికో తన పెద్ద స్టేషన్లు కట్టుకునే వేళకు ఖాళీ చానెళ్లేవీ మిగల్లేదు.

ఈ నేపథ్యంలో మెక్సికో అధికారులు సరిహద్దులో స్టేషను పెడతానన్న అమెరికన్లకు అనుమతులిచ్చారు. డబ్బు ఒక కారణం. బేరానికి దిగేలా చేసే సాధనం చేతిలో ఉండటం మరో కారణం. 1930లో రెయినోసాలో మొదలైన ఎక్స్‌ఇడి ఈ వరుసలో మొదటిదిగా లెక్క. అసలు దుమారం మరుసటి ఏడు వచ్చింది.

బ్రింక్లీ

జాన్ ఆర్. బ్రింక్లీ కాన్సస్ రాష్ట్రంలోని మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో మేక వృషణాల ముక్కలను మగవాళ్లకు అతికించి, పోయిన పుంస్త్వం తిరిగొస్తుందని అమ్మాడు. 1923లో కెఎఫ్‌కెబి అనే సొంత స్టేషను పెట్టాడు. శ్రోతలు ఉత్తరాల్లో రాసిన జబ్బులకు గాలిలోనే మందులు చెప్పేవాడు. మందులకు అంకెలుండేవి. శ్రోత ఆ అంకె చెప్పి మందులషాపులో కొనుక్కోవాలి, షాపువాడు వాటా పంపాలి. 1930లో రేడియో కమిషన్ అతని లైసెన్సును పునరుద్ధరించలేదు, కాన్సస్ వైద్యమండలి వైద్యం చేసే లైసెన్సు రద్దు చేసింది. అతను గవర్నరు పదవికి పోటీ చేశాడు, బ్యాలట్‌లో పేరు లేకపోయినా లక్షకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. ఓడిపోయాక దక్షిణానికి తిరిగాడు.

1931 అక్టోబరులో టెక్సస్‌లోని డెల్ రియోకు నది అవతల, వియ్యా అకూన్యాలో, అతని ఎక్స్‌ఇఆర్ మొదలైంది. పౌనఃపున్యం 735 కిలోహెర్ట్జ్. ఒకపక్క 730 మీద మాంట్రియల్, మరోపక్క 740 మీద అట్లాంటా. అంటే ఒక్క స్టేషనుతో రెండు దేశాలకు కూత వినిపించే చోటు. మొదట 50 కిలోవాట్లు, 1932లో 500కు అనుమతి. 1933లో అది మూతపడింది. 1935లో ఎక్స్‌ఇఆర్‌ఎ పేరుతో 840 మీద తిరిగొచ్చింది. ట్రాన్స్‌మీటరును కట్టిన ఇంజనీరు జేమ్స్ వెల్డన్ తరువాత డాలస్‌లో కాంటినెంటల్ ఎలక్ట్రానిక్స్ స్థాపించాడు. మెగావాట్ స్థాయి ట్రాన్స్‌మీటర్లకు అది పేరుపడ్డ సంస్థ. చుట్టుపక్కల ముళ్లకంచెలు, మంచం స్ప్రింగులు పాడేవన్న కథలున్నాయి. కొన్ని పెంచి చెప్పినవే అయినా, అంత శక్తి దగ్గర తుప్పుపట్టిన లోహపు కీలు డయోడులా పనిచేసి ధ్వనిని బయటపెట్టడం అసాధ్యమేమీ కాదు.

బ్రింక్లీ డెల్ రియోలోనే కూర్చుని టెలిఫోను తీగ మీద మాట్లాడేవాడు. అందుకే 1934 కమ్యూనికేషన్స్ చట్టంలో సెక్షన్ 325(బి) చేరింది: అమెరికా స్టూడియో నుంచి విదేశీ ట్రాన్స్‌మీటరుకు అనుమతి లేకుండా కార్యక్రమం పంపరాదు. దానికి బ్రింక్లీ చట్టమనే పేరు స్థిరపడింది, ఫలితం మాత్రం అంతంతే. కార్యక్రమాలను డిస్కుల మీద రికార్డు చేసి నది దాటించారు. కార్టర్ కుటుంబం పాడిన కొండప్రాంతపు పాటలు 1930ల చివర అలాగే దేశమంతా వినబడ్డాయి. కంట్రీ సంగీతం వ్యాప్తిలో ఈ స్టేషన్ల వాటా అంతటిది. నువో లారేదోలో నార్మన్ బేకర్ ఎక్స్‌ఇఎన్‌టి నడిపాడు, క్యాన్సరు నయం చేస్తానన్నాడు, చివరికి తపాలా మోసం కేసులో జైలుకెళ్లాడు.

ఉత్తర సరిహద్దులో

అమెరికా ఎప్పుడూ బాధితురాలే కాదు. 1934లో సిన్సినాటీలోని డబ్ల్యుఎల్‌డబ్ల్యు ప్రయోగాత్మక అనుమతితో 700 కిలోహెర్ట్జ్ మీద 500 కిలోవాట్లకు పెరిగింది. పక్క చానెలు 690 మీదున్న టొరంటో స్టేషను సిఎఫ్‌ఆర్‌బి రాత్రిళ్లు నలిగిపోయింది. కెనడా ఫిర్యాదు చేసింది. రాత్రి శక్తి తగ్గించమన్న ఆదేశం వచ్చాక, కెనడా వైపు సంకేతం పలచబడేలా అదనపు స్తంభాలతో దిశాత్మక యాంటెనా కట్టి, 1935లో తిరిగి పూర్తి శక్తికి వెళ్లారు. మామూలు ప్రసారంలో ఆ శక్తి 1939లో ముగిసింది. పొరుగువాడి వైపు చెయ్యి అడ్డుపెట్టే ఈ పద్ధతి తరువాత సరిహద్దుల్లోని ఎ.ఎం. స్టేషన్లకు మామూలైపోయింది.

హవానా ఒప్పందం

1933లో మెక్సికో సిటీలో జరిగిన చర్చలు విఫలమయ్యాయి. సరిహద్దు స్టేషన్లు పోవాలని అమెరికా అంది, ముందు చానెళ్లు కావాలని మెక్సికో అంది. 1937లో హవానాలో కుదిరిన ఉత్తర అమెరికా ప్రాంతీయ ప్రసార ఒప్పందం మెక్సికోకు ఆరు క్లియర్ చానెళ్లిచ్చింది: 730, 800, 900, 1050, 1220, 1570. అమల్లోకి వచ్చింది 1941 మార్చి 29న. ఆ ఒక్క రోజున అమెరికాలో దాదాపు 800 స్టేషన్లు పౌనఃపున్యం మార్చుకున్నాయి, జనం రేడియోల మీద మీటలు తిరిగి సరిచేసుకున్నారు. అదే ఏడు మెక్సికో ప్రభుత్వం ఎక్స్‌ఇఆర్‌ఎను మూసేసింది. పదేళ్లపాటు దౌత్య నిరసనలకు, కోర్టులకు లొంగనిది వాటా దక్కగానే ఆగింది. బ్రింక్లీ దివాలా తీసి 1942లో శాన్ ఆంటోనియోలో చనిపోయాడు.

సరిహద్దు రేడియో మాత్రం చావలేదు. 1947లో అదే అకూన్యాలో ఎక్స్‌ఇఆర్‌ఎఫ్ మొదలైంది, ఈసారి మెక్సికోకు హక్కుగా వచ్చిన 1570 మీద. హ్వారెస్‌లో 800 మీద ఎక్స్‌ఇఎల్‌ఓ ఉండేది. ఇవి ఎవరి చానెలూ లాక్కోలేదు కాబట్టి దూరం వినిపించడమే నేరమని అనడం కష్టమైంది. 1960లలో వుల్ఫ్‌మ్యాన్ జాక్‌గా పేరుపడ్డ రాబర్ట్ స్మిత్ ఎక్స్‌ఇఆర్‌ఎఫ్ నుంచీ, తరువాత రోసారీతోలోని ఎక్స్‌ఇఆర్‌బి 1090 నుంచీ రాత్రిళ్లు నల్లజాతి సంగీతాన్ని తెల్ల కుర్రాళ్ల కార్లలోకి పంపాడు. 1961లో తిహువానా 690 నుంచి గోర్డన్ మెక్‌లెండన్ లాస్ ఏంజెలెస్ కోసం పూర్తికాలపు వార్తలు నడిపాడు.

తరువాత

క్యూబాతో తగవు వేరు రకం, అక్కడ జోక్యం కావాలని చేసిందే. క్యూబా శ్రోతల కోసం రేడియో మార్తీ అనే స్టేషను పెడతామని అమెరికా ప్రకటించాక, 1982 ఆగస్టులో క్యూబా ఒక రాత్రి 1040 మీద భారీ ప్రసారం చేసింది. రెండువేల కిలోమీటర్లకు పైగా దూరాన, అయోవాలోని డబ్ల్యుహెచ్‌ఓ స్టేషను మీద అది పడింది. రేడియో మార్తీ 1985 మే 20న 1180 మీద మొదలైంది, క్యూబా దాన్ని అడ్డుకుంటూనే వచ్చింది.

1986లో అమెరికా, మెక్సికో కొత్త ఎ.ఎం. ఒప్పందం చేసుకున్నాయి. ఒకరి క్లియర్ చానెళ్లను మరొకరు తక్కువ శక్తితో వాడుకోవచ్చన్నది దాని సారం. అలా చిన్న స్టేషన్లు కూడా పెరగడంతో, ఒంటరి చానెలు మీద ఖండమంతా వినిపించే రోజులు పోయాయి. అప్పటికే శ్రోతలు ఎఫ్.ఎం.కు మళ్లారు. 2008 నుంచి మెక్సికో తన ఎ.ఎం. స్టేషన్లను ఎఫ్.ఎం.కు తరలిస్తోంది. అకూన్యాలో 1570 మీద మాత్రం ఎక్స్‌ఇఆర్‌ఎఫ్ మెక్సికో ప్రభుత్వ రేడియో సంస్థ చేతికి వెళ్లి, స్పానిష్‌లో, తన ఒడ్డువాళ్ల కోసం ప్రసారం చేస్తూ వచ్చింది. నది ఇవతల డెల్ రియోలో బ్రింక్లీ కట్టుకున్న భవంతి చారిత్రక ఫలకంతో నిలిచి ఉంది.