కుష్ఠువ్యాధి చికిత్సలో అడవిబాదము నూనె

పశ్చిమ కనుమల అడవులలో పెరుగు అడవిబాదము గింజల నూనెను చర్మవ్యాధులకు, ముఖ్యముగా కుష్ఠువ్యాధికి, వాడుట మన దేశమున ప్రాచీనాచారము. పశ్చిమ సముద్రతీరమునందలి తువరక వృక్షముల పండ్లనుండి గింజలు తీసి నూనె చేయు విధమును సుశ్రుత సంహిత వివరించినది.

1854లో కలకత్తాలోని వైద్యుడు మౌఆట్ ఈ జాతిదే యగు చాల్‌ముగ్ర నూనెను పాశ్చాత్య వైద్యులకు పరిచయము చేసెను. కాని త్రాగినచో వాంతులగును. సూదిద్వారా ఎక్కించినచో చిక్కని నూనె చర్మము క్రిందనే నిలిచి బాధించును. 1915లో హవాయి ద్వీపములలో ఆలిస్ బాల్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు దానిని శరీరములో సులభముగా ఇంకునట్లు మార్చెను. అటుపిమ్మట మదరాసు సమీపమున చెంగల్పట్టులోని లేడీ విల్లింగ్డన్ చికిత్సాలయమునందును, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలోను ఈ సూదిమందే రోగులకు ఆశాధారమైనది.

కొందరికి మేలు కలిగినను, వ్యాధి సమూలముగా పోవునను నిశ్చయము లేకపోయెను. 1946లో చెంగల్పట్టునందే రాబర్టు కాక్రేన్ డాప్సోన్ అను మందును వేరుసెనగ నూనెలో కలిపి సూదిద్వారా ఇచ్చి పరీక్షించెను. క్రమముగా అడవిబాదము నూనె వాడుక తగ్గిపోయినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి యిచ్చు చికిత్సను సిఫారసు చేసినది. నేడు ఈ వ్యాధి పూర్తిగా నయమగుచున్నది.

అడవిబాదము నూనె వ్యాధిని జయింపలేదు. అయినను వేరు మందు లేని కాలమున, ఊరు వెలివేసిన రోగి తనంతట తానే వైద్యుని యొద్దకు వచ్చుటకు అది కారణమైనది. చరిత్రలో దానికి గల స్థానమిదియే.