పాలిమర్ సూక్ష్మగుళికలు

మందును గానీ, ఎంజైమును గానీ, సజీవ కణాలను గానీ పలుచని పాలిమర్ పొరలో బంధిస్తే ఏర్పడేది సూక్ష్మగుళిక. లోపలి పదార్థాన్ని కాపాడుతూ, కావలసిన వేగంతో బయటికి వదలడం ఈ పొర పని.

మింగే జెలటిన్ గుళికకు 1834లో పారిస్‌లో మోత్, డ్యూబ్లాంక్ పేటెంట్ పొందారు. 1950లలో బారెట్ గ్రీన్ కార్బన్ అక్కర్లేని నకలు కాగితం కోసం సిరాను జెలటిన్ పొరలో బంధించిన పద్ధతి తర్వాత ఔషధాలకూ పనికొచ్చింది.

1957లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ చాంగ్ హిమోగ్లోబిన్‌ను పాలిమర్ పొరలో ఉంచి ‘కృత్రిమ కణాలు’ తయారుచేశాడు. 1980లో ఫ్రాంక్లిన్ లిమ్, ఆంథొనీ సన్ ఎలుకల క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే లాంగర్‌హాన్స్ పుటికలను సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ ద్రావణంలో కలిపి, కాల్షియం క్లోరైడులో బొట్లుబొట్లుగా వదిలారు. బొట్లు జెల్ పూసలుగా గట్టిపడ్డాయి. వాటికి పాలీలైసిన్ పూత వేశారు. ఈ పొర గుండా గ్లూకోజు, ఇన్సులిన్ రాకపోకలు సాగిస్తాయి. రోగనిరోధక కణాలు మాత్రం లోపలికి పోలేవు. మధుమేహం ఉన్న ఎలుకల్లో ఈ గుళికలు రెండు మూడు వారాలపాటు రక్తంలో చక్కెరను అదుపులో ఉంచాయి.

అత్యంత ఫలవంతమైన దశ 1998లో మొదలైంది. గెరో డెషర్ 1990ల ఆరంభంలో రూపొందించిన పొరమీద పొర పద్ధతిని జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఎడ్విన్ డొనాత్, గ్లెబ్ సుఖొరుకోవ్, ఫ్రాంక్ కరూసో, హెల్ముత్ మోవాల్డ్ తదితరులు గుళికలకు అన్వయించారు. మెలమైన్ ఫార్మాల్డిహైడ్ రేణువుపై ధన, రుణ ఆవేశ పాలిమర్లను వంతులవారీగా పూశారు. ప్రతి పూత తర్వాత మిగులు పాలిమర్‌ను కడిగేశారు. చివరికి మధ్య రేణువును ఆమ్లంలో కరిగించగా బోలు గుళిక మిగిలింది. రేణువు అవశేషాలు పూర్తిగా పోకపోవడంతో, జీవవైద్య ప్రయోగాల్లో ఈడీటీఏతో కరిగే కాల్షియం కార్బొనేట్ రేణువులు వాడుకలోకి వచ్చాయి. శరీరంలో విచ్ఛిన్నమయ్యే డెక్స్‌ట్రాన్ సల్ఫేట్, పాలీఆర్జినైన్ వంటి పాలిమర్లూ చోటుచేసుకున్నాయి.

పరీక్షలు తయారీతోనే మొదలవుతాయి. పూత మారినప్పుడల్లా, ఉపరితల ఆవేశాన్ని సూచించే జీటా పొటెన్షియల్ ధన, రుణ విలువల మధ్య మారితే పొర కుదిరినట్టు. పొర మందాన్ని, గట్టిదనాన్ని అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపుతో కొలుస్తారు. మెరిసే రంగు అంటించిన డెక్స్‌ట్రాన్ అణువులు లోపలికి చేరాయా లేదా అన్నది కన్‌ఫోకల్ మైక్రోస్కోపు కింద తెలుస్తుంది. మందు విడుదలను 37 డిగ్రీల సెల్సియస్, 7.4 పీహెచ్ వద్ద బఫర్ ద్రావణంలో గమనిస్తారు. కణాలకు హాని ఉందేమో ఎంటీటీ పరీక్షతో చూస్తారు. ఎర్ర రక్తకణాలు పగులుతున్నాయేమో విడిగా పరిశీలిస్తారు. ఆ తర్వాతే జంతు ప్రయోగాలు.

పొరమీద పొర గుళికలు ఇప్పటికీ ప్రధానంగా పరిశోధనశాలల్లోనే ఉన్నాయి. చికిత్సలో ముందుగా స్థిరపడినవి పీఎల్‌జీఏ పాలిమర్ సూక్ష్మగోళాలు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు నెలకొకసారి ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ ఈ రూపంలో 1989లో అమెరికాలో ఆమోదం పొందింది.