పెయింటు గీకే పని

మా బాబాయి రాణిగంజ్‌లో కారు రేడియోలు బిగించేవాడు. ఆ రోజుల్లో రేడియో కొంటే సరిపోదు, పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటా రుసుము కట్టాలి. 1980ల నడుమ ఆ బాధ తప్పింది.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందిది ఒకటే గోల: ఇంజను స్టార్ట్ చేస్తే రేడియో కుయ్యిమంటుంది. బాబాయి సెట్టును ముట్టుకునేవాడే కాదు. ఎర్త్ వైరు బాడీకి పట్టే చోట ఇసుక కాగితంతో పెయింటు గీకి, బోల్టు బిగించి, డైనమోకు కండెన్సరు కట్టేవాడు. కూత ఆగిపోయేది. "రోగం డబ్బాలో ఉండదురా, అతుకులో ఉంటది" అనేవాడు.

నా చేతికి స్క్రూడ్రైవర్ వచ్చేసరికి క్యాసెట్లు నడుస్తున్నాయి. 1995 జులై 31న మన దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అప్పట్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్‌కూ డబ్బే. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక కార్లలో ఫోన్ల మోత మొదలైంది, నాకు గిరాకీ పెరిగింది. డాష్‌బోర్డు మీద ఫోన్ స్టాండు, అద్దం పక్క స్తంభానికి మైకు, స్టీరియోకు మ్యూట్ వైరు. కాల్ వస్తే పాట దానంతటదే ఆగాలి. ఆ ఒక్క వైరు తప్పు పిన్నుకు పడితే పాట, మాట కలగాపులగం.

తర్వాత ఆ వైర్లను బ్లూటూత్ మింగేసింది. 1994లో స్వీడన్‌లో ఎరిక్సన్ వాళ్లు మొదలుపెట్టిన పని అది. డెన్మార్క్, నార్వేలను ఒక్కటి చేశాడని చెప్పే పదో శతాబ్దపు రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు దానికి పెట్టారు. ఫోన్ మీద కనిపించే ఆ గుర్తు కూడా ఆయన పేరులోని రెండు పాత అక్షరాల ముడే.

మొన్న రైల్వేలో రిటైరైన పెద్దమనిషి ఒకాయన వచ్చారు. "పాటలొస్తున్నయ్, మాట రావట్లే. సెట్టు పోయిందా?" అన్నారు. పోలేదు. పాటకు ఒక దారి, కాల్‌కు ఇంకో దారి. ఫోన్ సెట్టింగుల్లో కాల్స్ మీట ఆఫ్‌లో ఉంది. అది ఆన్ చేస్తే మాట వచ్చింది. వెంట వచ్చిన ఆయన భార్య కొత్త ఫోన్ మాత్రం అసలు ఎక్కట్లేదు. కారు జాబితా పాత ఫోన్లతో నిండిపోయింది. వాటిని తీసేశాను. సగంలో ఆగిన జోడీ పేరును ఫోన్‌లోనూ, కారులోనూ చెరిపాను. ఒక్కవైపే చెరిపితే రెండోది పాత తాళంచెవే పట్టుకు కూర్చుంటుంది. రెంటినీ ఆపి, మళ్లీ వేసి, రెండు తెరల మీదా ఒకే అంకెలున్నాయని చూసి సరే నొక్కాను. కాంటాక్టుల అనుమతి అడిగితే కాదనవద్దని ఆవిడకు చెప్పాను. కాదంటే కారు తెర మీద పేరు రాదు, నంబరే వస్తుంది.

ఇదంతా ఇంటి దగ్గర, బండి ఆపి చేసుకోవాల్సిన పని. చేత్తో ఫోన్ పట్టుకుని నడిపితే 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం మొదటిసారే అయిదు వేల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చు.

వంద రూపాయలు అడిగాను. "ఒక్క వైరు ముట్టలే, ఏం రిపేరు చేసినవయ్యా?" అన్నారాయన.

"పెయింటు గీకిన సార్" అన్నాను.

ఆయన దిగి బానెట్ చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, డబ్బులిచ్చి వెళ్లారు.