దారి చూపిన రాడారే ఆచూకీ చెప్పేసింది: హెచ్‌టూఎస్ కథ

రాడార్ అనగానే మనకి నేల మీద గిర్రున తిరిగే పెద్ద యాంటెన్నా గుర్తొస్తుంది కదా. శత్రు విమానం వస్తోందని ముందే చెప్పేది. మరి ఆ రాడార్‌ని దాడికి వెళ్లే విమానంలోనే పెడితే? ఈ రోజు కథ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్లలో పెట్టిన హెచ్‌టూఎస్ రాడార్ కథ.

అసలు దాని అవసరం ఎందుకొచ్చిందో ముందు చూద్దాం. పగలు వెళ్తే విమానాలు కూలిపోతున్నాయని బ్రిటన్ రాత్రిపూట బాంబులు వేయడం మొదలుపెట్టింది. తిరిగొచ్చిన సిబ్బంది "టార్గెట్ కొట్టేశాం" అని చెప్పేవాళ్లు. 1941 ఆగస్టులో బట్ అనే ప్రభుత్వాధికారి విమానాలు తీసిన ఫొటోలు పెట్టుకుని లెక్క తీశాడు. కొట్టేశాం అన్న విమానాల్లో మూడింట ఒకటే టార్గెట్‌కి 5 మైళ్ల లోపలికి వెళ్లింది! ఫ్యాక్టరీల పొగ కమ్ముకున్న రూర్ ప్రాంతంలో అయితే పదింట ఒకటి. అంటే చీకట్లో రాయి విసిరినట్టే.

అప్పటి విమాన రాడార్ల తరంగాల పొడవు మీటరు పైనే. విమానంలో పట్టే చిన్న యాంటెన్నాతో ఆ తరంగాల్ని సన్నటి కిరణంలా పంపలేం. దీనికి దారి 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో దొరికింది. రాండల్, బూట్ అనే ఇద్దరు చేసిన మాగ్నెట్రాన్. చిన్న రాగి దిమ్మ, దాంట్లో గుండ్రటి రంధ్రాలు. సుమారు 10 సెంటీమీటర్ల తరంగాల్ని మంచి పవర్‌తో పంపుతుంది.

దీన్ని విమానం పొట్ట కింద తిప్పితే ఏమవుతుంది? నీళ్ల మీద పడ్డ తరంగం అద్దం మీద పడ్డట్టు అటే జారిపోతుంది, స్క్రీన్ మీద నలుపు. పొలాల నుంచి కొంచెం తిరిగొస్తుంది. ఊళ్లో గోడల నుంచి బాగా తిరిగొస్తుంది, అక్కడ తెల్లటి మెరుపు. అంటే మబ్బులున్నా సరే నది, తీరం, ఊరు తెలిసిపోతాయి.

ఈ పని బెర్నార్డ్ లవెల్ టీమ్ చేతిలో ఉండేది. 1942 జూన్ 7న ప్రయోగాలకి వెళ్లిన హాలిఫాక్స్ విమానం కూలి, అందులో ఉన్న 11 మందీ చనిపోయారు. వాళ్లలో ఆలన్ బ్లమ్‌లైన్ ఒకరు. వయసు 38. మనం ఇయర్‌ఫోన్స్‌లో వినే స్టీరియో సౌండ్ ఉంది చూశారూ, దానికి 1931లోనే పేటెంట్ వేసినాయన.

ఇంతలో ఇంకో పెద్ద చర్చ. మాగ్నెట్రాన్ రాగి దిమ్మ కాబట్టి విమానం కూలినా, పేలుడు పదార్థం పెట్టినా పూర్తిగా నాశనం కాదు. జర్మనీలో కూలితే రహస్యం పోయినట్టే. జలాంతర్గాముల్ని వేటాడే విమానాలకీ ఇదే మాగ్నెట్రాన్ కావాలి. అవి కూలితే సముద్రంలో మునిగిపోతాయి, శత్రువుకి దొరకదు. కాబట్టి ముందు వాళ్లకే ఇద్దాం అనేది ఒక వాదన. బాంబర్లకి క్లైస్ట్రాన్ చాలు అన్నారు కొందరు, కానీ దాని పవర్ సరిపోలేదు. చివరికి 1942 జులైలో చర్చిల్ తొందరపెట్టడంతో బాంబర్లకీ మాగ్నెట్రానే ఖాయమైంది.

1943 జనవరి 30 రాత్రి హాంబర్గ్ మీద మొదటిసారి వాడారు. మూడు రాత్రుల తర్వాత కొలోన్ దాడికి వెళ్లిన స్టెర్లింగ్ విమానం ఒకటి రోటర్‌డామ్ దగ్గర కూలింది. భయపడ్డదే జరిగింది! మాగ్నెట్రాన్ జర్మన్లకి దొరికింది. వాళ్లు దానికి 'రోటర్‌డామ్ పరికరం' అని పేరు పెట్టి, ఆ తరంగాల్ని పసిగట్టే నాక్సోస్ అనే రిసీవర్ తయారుచేశారు. నాక్సోస్ పెట్టుకున్న జర్మన్ ఫైటర్లు ఆ సిగ్నల్ పట్టుకుని చీకట్లో బాంబర్ వెనకాలే వచ్చేవి.

అయితే జర్మన్లు ఇదంతా చేసేసరికి నెలలు పట్టింది. 1943 వసంతంలో 10 సెంటీమీటర్ల రాడార్ పెట్టుకుని జలాంతర్గాముల వేటకి వెళ్లిన విమానాల్ని వాటి పాత రిసీవర్లు పసిగట్టలేకపోయాయి. అంటే చర్చిల్ పందెం మొత్తానికి ఓడిపోలేదు.

కానీ ఇంకో విషయం మర్చిపోకూడదు. పెద్ద నది ఒడ్డున ఉండటం వల్ల హాంబర్గ్ ఈ రాడార్‌కి బాగా కనిపించే ఊరు. 1943 జులై చివరి దాడుల్లో అక్కడ 30,000 మందికి పైగా చనిపోయారు. స్క్రీన్ మీద తెల్లగా మెరిసినవాటిలో వాళ్ల ఇళ్ల గోడలూ ఉన్నాయి.

ఇప్పటి ఫైటర్ల ఏఈఎస్ఏ రాడార్లు ఫ్రీక్వెన్సీని క్షణక్షణం మార్చేది కూడా పాత భయంతోనే. చీకట్లో టార్చి వేస్తే మనకి దారి కనిపిస్తుంది, ఎదుటివాడికి మనం కనిపిస్తాం. రాడార్‌ని ఎంత బాగా చేశామన్నది ఒక ఎత్తు, ఎప్పుడు ఆఫ్ చేయాలో తెలియడం ఇంకో ఎత్తు.

1942 జులైలో ఆ నిర్ణయం మీ చేతిలో ఉంటే మాగ్నెట్రాన్ ఎవరికి ఇచ్చేవారు? బాంబర్లకా, సముద్రం మీద విమానాలకా? కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.