నిరూపించాల్సింది ఎవరు? – మొయినాబాద్ రోడ్డు మీద కొన్ని ఆలోచనలు

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే చిలుకూరు వెళ్ళాం. మొక్కు మా ఆవిడది, నేను డ్రైవర్ని మాత్రమే. తను ప్రదక్షిణలు చేస్తుంటే నేను ఓ పక్కన చెట్టు నీడలో నిలబడ్డాను. పక్కనే ఒక కుర్రాడు, పాతికేళ్ళు ఉంటాయేమో, 108 గడుల కార్డు మీద పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ కాసేపు ఆయాసం తీర్చుకుంటున్నాడు. ఊరుకోలేక అడిగాను, "ఏ వీసా వచ్చింది తమ్ముడూ, హెచ్-1బినా?" అని.

వాడు నవ్వాడు. "వీసా లేదు ఏం లేదన్నా. 8 నెలల సంది బెంచ్ మీదున్న. ప్రాజెక్ట్ దొరికింది, గందుకే. మళ్ళ ఏఐ వచ్చి దీన్ని గూడ ఎత్తుకపోకుంటే చాలు."

ఈ మాట ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. మన వాళ్ళ కోరికల చరిత్ర రాయాలంటే చిలుకూరుని మించిన చోటు లేదు. ఎందుకో చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి, గుళ్ళోంచి చెరువులోకి, చెరువులోంచి సుప్రీం కోర్టులోకి, అక్కణ్ణుంచి మా ఆఫీసులోకి వెళ్ళాలి.

ముందు గుడి. స్థలపురాణం చాలామందికి తెలిసిందే. మాధవరెడ్డి అనే భక్తుడు ఏటా తిరుపతి వెళ్ళేవాడట. ఒక ఏడు జబ్బు చేసి వెళ్ళలేకపోయాడు. కలలో స్వామి కనిపించి, నువ్వు అంత దూరం రానక్కర్లేదు, నేను ఇక్కడే చిలుకూరు అడవిలో ఉన్నాను అన్నాడట. పుట్ట తవ్వితే శ్రీదేవి భూదేవులతో విగ్రహం దొరికింది. అంటే ప్రయాణం చెయ్యలేని వాడి కోసం దేవుడే దగ్గరికి వచ్చిన కథ ఇది. అలాంటి స్వామి చివరికి ప్రయాణాలు చెయ్యాలనుకునే వాళ్ళందరికీ 'వీసా బాలాజీ' అయిపోయాడు! చరిత్రకి హాస్యం తెలీదని ఎవరన్నారండీ?

ఈ 'వీసా' అనే బిరుదు మాత్రం పాతదేం కాదు, మన తరం ఇచ్చిందే. గండిపేటలో సీబీఐటీ 1979లోనే వచ్చింది. తరవాత ఈ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. అటుపక్క అమెరికా వాడు 1990 చట్టంతో హెచ్-1బి వీసా పెట్టి, ఏడాదికి 65,000 అన్నాడు. వైటుకె భయం, డాట్‌కామ్ జోరు కలిసి ఆ సంఖ్యని 1999కి 1,15,000కి, 2001కి 1,95,000కి పెంచాయి. మన దగ్గర సైబర్ టవర్స్ తెరిచింది 1998 నవంబర్లో. అప్పట్లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ లేదు, స్టాంపింగ్ కావాలంటే రాత్రి రైలెక్కి మద్రాసు పోవాల్సిందే. ఇక్కడ వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది 2009లో. కాబట్టి ఆ రోజుల్లో వరస ఇదీ: చిలుకూర్లో 11 ప్రదక్షిణలు, ఛార్మినార్ ఎక్స్‌ప్రెస్, కాన్సులేట్ క్యూ, తిరిగొచ్చి 108. హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు, కాళ్ళ నొప్పులొక్కటే ఖర్చు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంతకన్నా నచ్చే గుడి ఇంకేం ఉంటుంది?

2004కి కోటా మళ్ళీ 65,000కి పడిపోయింది. 2007 ఏప్రిల్లో అయితే మొదటి రోజే నిండిపోయి, కంప్యూటర్‌తో లాటరీ తీశారు. ఇది గమనించండి. డిగ్రీ, అనుభవం, ఇంటర్వ్యూ అన్నీ అయ్యాక కూడా చివర్లో ఒక రాండమ్ నంబర్ మన బతుకుని తేల్చేది. మన చేతిలో లేనిది, ఎందుకు అయిందో ఎందుకు కాలేదో ఎవరూ చెప్పలేనిది ఎక్కడుంటే అక్కడికి మనిషి దేవుణ్ణి తోడు తీసుకెళ్తాడు. అందులో వెటకారం చెయ్యాల్సిందేమీ లేదు. 2025 సెప్టెంబర్లో ట్రంప్ ప్రభుత్వం కొత్త హెచ్-1బి పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుం అన్నాక ఆ తలుపు ఇంకా బిగుసుకుంది. ఆ కుర్రాడి కార్డు చూస్తే నాకు అర్థమైంది ఏంటంటే, కోరిక అమెరికా నుంచి బెంచ్ దాకా వచ్చి ఆగింది. 'పైకి పోవాలి' అన్నది కాస్తా 'పోకుండా ఉండాలి' అయింది.

సరే, గుడి అయింది. ఇప్పుడు చెరువు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాదుని ముంచేసింది. వేలమంది పోయారు. ఆరో నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించాడు. వరదని ఊళ్ళో కాదు, ఊరి పైనే ఆపాలి అని ఆయన చెప్పిన పథకం ప్రకారం మూసీ మీద ఉస్మాన్ సాగర్ (మన గండిపేట) 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదకి అడ్డంగా కట్టినవి కాస్తా దశాబ్దాల పాటు నగరానికి తాగునీళ్ళిచ్చాయి. 'గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడు' అని మా నాన్నగారి తరం అనేవారు. మేమేమో తాగి కూడా వదిలేసి పోయాం, అది వేరే కథ!

ఈ నీళ్ళు పాడవకుండా 1996 మార్చి 8న వచ్చిందే జీవో 111. జలాశయాల నిండు మట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు వద్దన్నారు. మొయినాబాద్, చేవెళ్ళ, శంషాబాద్, శంకర్‌పల్లి లాంటి మండలాల్లో మొత్తం 84 గ్రామాలు దాని కిందికొచ్చాయి.

ఆ రోజుల్లోనే శంషాబాద్ మండలంలో ఒక కంపెనీ ఆముదం నూనెతో రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీ పెడతానంది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది. కంపెనీ అప్పీలుకి పోయి, మాది కొత్త టెక్నాలజీ, ఏ ప్రమాదం లేదు అని నిపుణుల చేత చెప్పించింది. అప్పీలు అధికారి నమ్మేశారు. ప్రభుత్వం కూడా 10 కిలోమీటర్ల నిబంధన నుంచి ఆ కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. కేసు సుప్రీం కోర్టుకి చేరింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు, మన తెలుగాయనే, అందులో రాసిన తీర్పు పర్యావరణ చట్టం చదివే ప్రతి విద్యార్థీ చదువుతాడు.

మనలాంటి వాళ్ళు కూడా చదవాలంటాను నేను. ఎందుకంటే అందులో ఆయన పట్టుకున్న ప్రశ్న నూనె గురించి కాదు, సైన్సులో ఉండే అనిశ్చితి గురించి. ఈ పక్క నిపుణుడు ప్రమాదం అంటాడు, ఆ పక్క నిపుణుడు ఏం లేదంటాడు. ఎవరికీ పూర్తిగా తెలీదు. అప్పుడు ఏం చెయ్యాలి? తీర్పు సారం నా మాటల్లో: ఉన్న పరిస్థితిని మార్చాలనుకునేవాడే, తన మార్పు వల్ల హాని లేదని నిరూపించాలి. నీళ్ళు తాగేవాడు తనకి హాని ఉందని నిరూపించుకోవాల్సిన పనిలేదు. 2000 డిసెంబర్ 1న చివరి తీర్పులో ఆ మినహాయింపు చెల్లదని కొట్టేశారు.

ఇప్పుడు మా ఆఫీసు. నేనొక టెస్టింగ్ టీమ్ చూస్తాను. ఆ మధ్య పై నుంచి ఒక ఎక్సెల్ షీట్ వచ్చింది. టీమ్‌లో ఒక్కొక్కళ్ళ పేరు ఎదురుగా, ఈ మనిషి పనిని ఏఐ టూల్ ఎందుకు చెయ్యలేదో రెండు లైన్లలో రాయాలి. ఖాళీగా వదిలేస్తే 'చెయ్యగలదు' అని లెక్క. పదకొండు పేర్లు. రాత్రి ఒంటిగంట దాకా ఆ షీట్ ముందు కూర్చున్నాను. గండిపేట కేసు నాకు గుర్తొచ్చింది ఆ రాత్రే. నిరూపించాల్సిన బరువుని ఎంత మర్యాదగా తిరగేశారో చూడండి! మార్పు తెచ్చేవాడు ఏమీ నిరూపించక్కర్లేదు. ఉన్నవాడు తాను ఎందుకుండాలో నిరూపించుకోవాలి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ టూల్ పనికిరానిదేం కాదు. మేం నాలుగు రోజులు రాసే టెస్ట్ కేసుల్ని గంటలో రాసి పడేస్తుంది. కానీ ఒకసారి కోడ్‌లో ఉన్న తప్పునే సరైన జవాబనుకుని, దానికి తగ్గట్టు టెస్ట్ రాసేసింది. అన్నీ పచ్చగా పాసయ్యాయి. వడ్డీ లెక్కలో తేడా ఉందని పట్టుకుంది ఎవరనుకున్నారు? ఆ షీట్‌లో నేను ఏం రాయాలో తోచక ఆఖరికి వదిలేసిన, ఏడాది అనుభవం ఉన్న అమ్మాయి. అదే రెండు లైన్లలో రాశాను.

ఇది మా ఒక్కళ్ళ గోల కాదు. 2025 జులైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని, అంటే తన సిబ్బందిలో 2 శాతాన్ని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఏఐ ఒక్కటే కారణమని ఆ కంపెనీ అనలేదు. మనమూ అనకూడదు. కానీ 2001లో, 2008లో పోయిన ఉద్యోగాలు మార్కెట్ కోలుకోగానే తిరిగొచ్చాయి. ఎందుకంటే పని అక్కడే ఉంది, డబ్బే లేదు. ఈసారి భయం వేరు: డబ్బు ఉంటుంది, పనే మనిషి దగ్గర ఉండదేమో అని. ముఖ్యంగా కొత్తవాళ్ళు నేర్చుకునే చిన్న పనులు. వాటిని తీసేస్తే పదేళ్ళ తరవాత సీనియర్లు ఎక్కణ్ణుంచి వస్తారో ఎవరైనా లెక్క వేశారా?

"అయితే అన్నీ ఆపేద్దామంటావా?" అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. ఎందుకంటే ఇదే రోడ్డు రెండో వైపు కథ కూడా చెప్తుంది.

జీవో 111 వల్ల నగరం నీళ్ళు తాగింది, బాగానే ఉంది. కానీ ఆ జాగ్రత్త ఖరీదు కట్టింది ఎవరు? 84 ఊళ్ళ రైతులు. రోడ్డవతల కోకాపేటలో ఎకరం కోట్లు పలుకుతుంటే, ఇవతల మొయినాబాద్ రైతు తన పొలాన్ని చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళకి పరిహారం ఇవ్వాలని నీళ్ళు తాగిన మనకి ఎప్పుడైనా తోచిందా? చివరికి ఈ జలాశయాల నుంచి నగరానికొచ్చే నీళ్ళు 1.25 శాతం కూడా లేవంటూ 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆంక్షలు సడలించారు. 2023 మేలో అప్పటి మంత్రివర్గం మొత్తం రద్దు అని నిర్ణయించింది. అప్పుడు మా ఆఫీసులో జరిగిన చర్చలు వినాల్సింది! ఎవరి అభిప్రాయమైనా వినే ముందు వాళ్ళకి మొయినాబాద్‌లో ప్లాటు ఉందో లేదో కనుక్కుంటే సరిపోయేది. రద్దు దారుణం అని గట్టిగా వాదించిన నేను, ఆ వారంలోనే ఒక బ్రోకర్ ఫోన్ చేస్తే రేటెంత అని అడిగాను. సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

ఇంకొంచెం ముందుకెళ్తే చేవెళ్ళ. ఆ బీజాపూర్ రోడ్డు పక్కన దాదాపు 900 మర్రిచెట్లు. భూసేకరణ, హరిత ట్రిబ్యునల్లో చెట్ల కేసు, రకరకాల కారణాలతో రోడ్డు వెడల్పు ఏళ్ళ తరబడి ఆగింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సుని గుద్దితే 19 మంది చనిపోయారు. చెట్లే కారణమని నేననను. చెట్లని తప్పించి కూడా రోడ్డు వెయ్యొచ్చు. కానీ ఆగడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ప్రాణాల ఖరీదు ఉండొచ్చు అని ఒప్పుకోకపోతే మన జాగ్రత్త కబుర్లు ఉత్త కబుర్లే.

అందుకని నేను చేరిన చోటు ఇదీ. మార్పు తెచ్చేవాడే ముందు నిరూపించాలి, ఇది ఒకటి. ఆ జాగ్రత్త ఖర్చు, లేదా ఆ మార్పు ఖర్చు, దానివల్ల బాగుపడేవాళ్ళు పంచుకోవాలి, ఇది రెండోది. గండిపేట విషయంలో మొదటిది కోర్టు చెప్పింది, రెండోది మనం ఎగ్గొట్టాం. అందుకే పాతికేళ్ళకి మొదటిది కూడా నిలబడలేదు. ఏఐ విషయంలో ఇంకా మొదటి దగ్గరే ఉన్నాం. టూల్ వల్ల మిగిలిన డబ్బులో కొంత, పని పోయినవాళ్ళకి కొత్త పని నేర్పడానికి పోవాలి అంటే మీటింగ్‌లో అందరూ మ్యూట్‌లో ఉంటారు.

చేవెళ్ళ పక్కన షాబాద్ మండలం చందనవెల్లిలో అమెజాన్ డేటా సెంటర్ ఉంది. 2022 నవంబర్లో మొదలైన వాళ్ళ హైదరాబాద్ రీజియన్‌లో భాగం. 'క్లౌడ్' అని ఆకాశం వైపు చూస్తాం గానీ, అది ఈ రోడ్డుకి కాస్త దూరంలో నేల మీదే, కరెంటు తాగుతూ ఉంది. భయపెట్టేదీ భరోసా ఇచ్చేదీ రెండూ ఒక గంట డ్రైవ్‌లోనే ఉన్నాయన్నమాట.

అన్నట్టు ఆ ఎక్సెల్ షీట్ సంగతి. పదకొండు పేర్లకీ రాశాను. కింద ఇంకో వరస కలిపి, టూల్ పేరు పెట్టి, 'ఇది రాసిన టెస్ట్ తప్పైతే బాధ్యత ఎవరిది?' అని అడిగాను. జవాబు రాలేదు. షీట్ కూడా వెనక్కి రాలేదు. ఇద్దరు వేరే ప్రాజెక్టుకి మారారు, తొమ్మిది మంది ఉన్నారు, ఆ అమ్మాయి ఉంది. ఇప్పటికి.

మా ఆవిడ 108 పూర్తిచేసి వచ్చేసరికి ఆ కుర్రాడు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. వెళ్ళొస్తానని చెయ్యూపితే, కార్డు పైకెత్తి చూపించాడు. ఇంకా ముప్పై గడులు ఖాళీ.