క్రిస్మస్‌కు ఇంకెన్ని రోజులు?

  ఈ దినం ఒక చిన్న చరిత్రతో మొదలుపెట్టి వాక్యము దగ్గరకు వెళ్దాము.

జర్మనీ దేశంలో చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ చీకటి నెలల్లోనే అక్కడి కిండర్‌గార్టెన్ పిల్లలకు ఎక్కువ సందడి. నవంబరు 11న మార్టిన్ భక్తుని దినం. చలికి వణుకుతున్న భిక్షగానికి తన అంగీని కత్తితో సగం కోసి ఇచ్చిన సైనికుడాయన. పిల్లలు తమ చేతులతో అతికించుకున్న కాగితం లాంతర్లు పట్టుకుని ఆ సాయంత్రం వీధుల్లో పాడుతూ నడుస్తారు. మార్టిన్ లూథర్ 1483 నవంబరు 10న పుట్టి, మరునాడు బాప్తిస్మము పొందాడు. ఆ దినాన్నిబట్టే ఆయనకు ఆ పేరు. డిసెంబరు 6 నికొలాసు భక్తుని దినం. ముందు రాత్రి పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడతారు. తరువాత పిండి కొలిచి బిస్కెట్లు చేయడం, గడ్డిపరకలతో నక్షత్రాలు కట్టడం. చూసేవారికి ఇదంతా ఆటే. కాని లెక్క, కొలత, ఓర్పు, పంచుకోవడం అన్నీ అందులోనే నేర్చుకుంటారు.

చిన్నపిల్లలు ఆటలోనే నేర్చుకుంటారని పట్టుబట్టినవాడు ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్. 1782 ఏప్రిల్ 21న ఒక పాదిరిగారి ఇంట పుట్టాడు. తొమ్మిది నెలల పసివాడుగా ఉండగానే తల్లిని పోగొట్టుకున్నాడు. 1840లో తన బడికి 'కిండర్‌గార్టెన్', అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. నాస్తికత్వం నేర్పుతున్నారనే అనుమానంతో ప్రష్యా ప్రభుత్వం 1851లో ఆ బడులను నిషేధించింది. మరుసటి సంవత్సరమే ఆయన చనిపోయాడు. 1860లో నిషేధం ఎత్తివేశారు గాని, ఆయన దానిని చూడలేదు.

ఇప్పుడు రెండవ మనిషి సంగతి. యోహాన్ హిన్రిక్ విఖెర్న్ కూడా ఏప్రిల్ 21నే పుట్టాడు, 1808లో, హాంబర్గు పట్టణంలో. పదిహేనేళ్లకే తండ్రి పోతే, పాఠాలు చెప్పి ఇంటిని ఆదుకున్నాడు. వేదాంత విద్య ముగించి వచ్చి సండే స్కూలు పనిలో చేరాడు. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి చూస్తే గాలి, వెలుతురు లేని గదులు, ఆకలి, తాగుడు, దొంగతనం. వారానికి ఒక్క గంట పాఠం ఈ పిల్లలకు చాలదని గ్రహించాడు. 1833లో హాంబర్గు పక్కనున్న హోర్న్ అనే గ్రామంలో ఒక పాత ఇంటిలో వారికి ఆశ్రయం తెరిచాడు. దాని పేరు రౌహెస్ హౌస్. గోడకట్టిన జైలులా కాకుండా, కొద్దిమంది పిల్లలను ఒక కుటుంబంగా చేసి, వారితో ఒక పెద్ద అన్న ఉండేలా ఏర్పాటు చేశాడు.

క్రిస్మస్ దగ్గరపడుతుంటే ఆ పిల్లలు, "ఇంకెన్ని రోజులు? ఇంకెన్ని రోజులు?" అని ప్రాణం తీసేవారట. 1839 ఆగమన కాలంలో ఆయన ఒక చెక్క చక్రం తెచ్చి, దానిమీద 24 కొవ్వొత్తులు నిలిపాడు. ఆదివారాలకు పెద్ద తెల్లవి నాలుగు, మిగిలిన దినాలకు చిన్న ఎర్రవి ఇరవై. ఆ సంవత్సరం మొదటి ఆగమన ఆదివారం డిసెంబరు 1నే వచ్చింది, కాబట్టి లెక్క సరిపోయింది. దినానికి ఒకటి వెలిగిస్తూ ప్రార్థన చేసుకునేవారు. చదువురాని పిల్లవాడు కూడా చక్రం చూస్తే వెలిగినవెన్నో, మిగిలినవెన్నో తెలిసిపోయేది. తరువాతి కాలంలో దానికి పచ్చని కొమ్మలు చుట్టారు. కొవ్వొత్తులు నాలుగుకు తగ్గాయి. నేడు అనేక సంఘాలలో వెలిగించే ఆగమన దీపాలకు మూలం ఆ చెక్క చక్రమే. దొంగపిల్లలని లోకం పేరుపెట్టిన వారికోసం అది మొదట వెలిగింది!

మూడేళ్ల తరువాత, 1842 జూలై 31న, జర్మనీలో పుట్టి అమెరికాలో సేవచేసిన ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టి మన పిల్లలకు బడులు తెరిచాడు. ఆ చక్రం ఆయన తెచ్చాడని నేను చెప్పడం లేదు. కాని తప్పిపోయిన పిల్లలను వెదికిన ఆ ప్రేమే మన ఊళ్లకూ వచ్చింది.

శ్రోతలారా, సెమినరీలో సంఘచరిత్ర పరీక్షకు "విఖెర్న్, 1833" అని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాడను నేను. కొన్నేళ్ల క్రిందట ఒక హాస్టలులో పిల్లలకు క్రిస్మస్ నాటిక నేర్పుతున్నాను. ఒక చిన్నవాడు పూటపూటకూ వచ్చి, "అయ్యగారూ, క్రిస్మస్‌కు ఇంకెన్ని రోజులు?" అనేవాడు. విసుగెత్తి, "నీకు వేరే పనిలేదురా? పోయి నీ మాటలు నేర్చుకో" అని కసిరాను. సాయంత్రం వంటమ్మ చెప్పింది: "వాళ్లమ్మ ఇటుక బట్టీ పనికి పోయిందయ్యా. క్రిస్మస్‌కు వస్తానందంట." ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. విఖెర్న్‌కు పాఠంగా మారిన ప్రశ్న నాకు విసుగైపోయింది.

మరునాడు వాడిని పిలిచి, గోడమీద సుద్దతో మిగిలిన రోజులన్నిటికీ గీతలు గీసి, రోజుకొకటి తుడిచేయమన్నాను. పూర్వం జర్మనీలో కొన్ని ఇళ్లలో తలుపుమీద ఇలాగే చేసేవారు. గీతలన్నీ అయిపోయాయి. వాళ్లమ్మ రాలేదు. క్రిస్మస్ ఆరాధన అయ్యాక చూస్తే, వాడే సుద్ద తీసుకుని గోడమీద ఇంకా రెండు గీతలు గీసుకుంటున్నాడు. 27వ తేదీన ఆమె వచ్చింది.

ఆ రెండు గీతల దగ్గర నేను ఆగమనం అంటే ఏమిటో నేర్చుకున్నాను. దేవాలయంలో వృద్ధుడైన సుమెయోను చేసినది అదే. లెక్క దాటినా, మాట ఇచ్చినవానిమీద నమ్మకం వదలలేదు. మన దినములు లెక్కించుట నేర్పుమని 90వ కీర్తనలో మోషే ప్రార్థించినదీ ఈ జ్ఞానము కొరకే.

మనం పిల్లలకు కొత్తబట్టలు కొంటాము, డాన్సులు నేర్పిస్తాము, స్టేజీ కట్టిస్తాము. కనిపెట్టడం ఎవరు నేర్పుతారు? ఈ సాయంత్రం మీ ఇంట ఒక దీపం పెట్టి, పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకుని దినాలు లెక్కపెట్టండి. మీ వీధిలో తల్లి కోసం ఎదురుచూసే బిడ్డ ఉంటే, ఆ బిడ్డను కూడా పిలవండి. వాని ప్రశ్నకు విసుగుకోకండి.

మరల వచ్చుచున్న ప్రభువు, కనిపెట్టువారందరికీ తోడైయుండును గాక. ఆమేన్.