జ్యూరీ ముందు న్యాయవాది: భారత న్యాయస్థానాలలో ఒప్పించే కళ, దాని హద్దులు (1897–1961)

జ్యూరీ విచారణలో న్యాయవాది ఎదుట కూర్చునేవారు చట్టం చదివినవారు కారు. వ్యాపారమో ఉద్యోగమో చేసుకుంటూ, సమన్లు అందడం వల్ల కొద్దిరోజులు కోర్టుకు వచ్చిన పౌరులు. తమ నిర్ణయానికి వారు కారణాలు చెప్పనక్కరలేదు. వారి మౌనాన్ని చదివి, వారికి అర్థమయ్యే మాటలలో వాదాన్ని నిర్మించడం ఇంగ్లండులోను అమెరికాలోను న్యాయవాద వృత్తికి తలమానికమైన విద్య అయింది. 1784లో షిప్లీ డీన్ పక్షాన, ఆ తరువాత మరికొన్ని రాజద్రోహ విచారణలలో థామస్ ఎర్స్కిన్ చేసిన వాదనలు ఆ విద్యకు పాఠ్యగ్రంథాల వంటివి. భారతదేశంలో ఈ విద్య చరిత్ర వేరుగా నడిచింది. ఇక్కడ జ్యూరీ పెట్టెలో ఎవరు కూర్చోవాలన్నదాన్ని పాలకుల అవసరం నిర్ణయించింది. జ్యూరీ చెప్పిన మాట నిలవాలా వద్దా అన్నది చాలావరకు న్యాయమూర్తి చేతిలో ఉండేది. అందువల్ల భారతీయ న్యాయవాది ఏకకాలంలో ఇద్దరు శ్రోతలను ఒప్పించవలసి వచ్చింది. జ్యూరీ విచారణలను వక్తృత్వ విజయాలుగానో భావోద్వేగాల కథలుగానో చెప్పుకోవడం పరిపాటి. తిలక్, నానావతి విచారణలను దగ్గరగా చూస్తే ఆ కథనం ఎంత అసమగ్రమో తెలుస్తుంది.

జ్యూరీ పెట్టెలో ఎవరు?

1775లో కలకత్తా సుప్రీంకోర్టు మహారాజా నందకుమార్‌ను విచారించినప్పుడు జ్యూరీ అంతా ఐరోపావారే. 1826 నాటి చట్టం భారతీయులకు జ్యూరీలో చోటు కల్పించినా, క్రైస్తవులను విచారించే జ్యూరీలో క్రైస్తవేతరులు కూర్చోరాదని, గ్రాండ్ జ్యూరీలో వారికి స్థానం లేదని నిర్దేశించింది. ఈ భేదాన్ని రామమోహన్ రాయ్ తీవ్రంగా నిరసించాడు. 1832లో ఆ నిబంధన తొలగింది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జ్యూరీని జిల్లా సెషన్స్ కోర్టులకూ తెచ్చింది. అయితే ఏ జిల్లాలో ఏ నేరాలకు జ్యూరీ ఉండాలో ప్రాంతీయ ప్రభుత్వమే ప్రకటించేది. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలలో జ్యూరీకి ప్రధానంగా దొంగతనం, దోపిడీ వంటి ఆస్తి నేరాలనే అప్పగించారు. హత్యకేసులలో న్యాయమూర్తి పక్కన అసెసర్లు కూర్చునేవారు. వారి అభిప్రాయానికి న్యాయమూర్తి కట్టుబడనక్కరలేదు. కనుక తెలుగు జిల్లాల వకీళ్లకు ప్రాణం మీదికి వచ్చిన కేసులో జ్యూరీని ఉద్దేశించి మాట్లాడే సందర్భమే అరుదు. ఇల్బర్ట్ బిల్లు వివాదం 1884లో ముగిసిన తీరు ఈ కూర్పు రాజకీయాన్ని మరింత స్పష్టం చేసింది. సగం మందికి తగ్గకుండా ఐరోపా లేదా అమెరికా వారున్న జ్యూరీని కోరుకునే హక్కు బ్రిటిష్ ముద్దాయిలకు దక్కింది. సాటివారి తీర్పు అన్న సూత్రాన్ని ఒక జాతికి మాత్రమే అక్షరాలా వర్తింపజేశారు.

హైకోర్టు జ్యూరీలో తొమ్మిదిమంది ఉండేవారు. ఏకగ్రీవం తప్పనిసరి కాదు. కనీసం ఆరుగురు ఒక మాట మీద ఉండి, న్యాయమూర్తి దానితో ఏకీభవిస్తే అదే తీర్పు. అందువల్ల డిఫెన్స్ న్యాయవాది తొమ్మిదిమందినీ గెలవనక్కరలేదు, నలుగురిని నిలుపుకుంటే చాలు, శిక్షపడే తీర్పు అక్కడ ఆగిపోతుంది. ఇంగ్లండులో పన్నెండుమందిలో ఒక్కడు ఎదురు తిరిగినా ఆగేది. ఈ చిన్న లెక్కను పక్కన పెట్టి నాటి వాదనలను అంచనా వేయడం కుదరదు.

ఒకే ముద్దాయి, రెండు జ్యూరీలు

బాల గంగాధర తిలక్ మీద 1897లో బొంబాయి హైకోర్టులో రాజద్రోహ విచారణ జరిగింది. ఆ జ్యూరీలో ఆరుగురు ఐరోపావారు, ముగ్గురు భారతీయులు. కలకత్తా నుంచి వచ్చిన బారిస్టర్ ప్యూ వాదించాడు. తీర్పు ఆరుగురు దోషి అని, ముగ్గురు కాదని. ఎవరు ఎటు మొగ్గారో న్యాయస్థానం అడగదు. కాని అంకెలు జ్యూరీ కూర్పును అచ్చుగుద్దినట్లు అనుసరించాయి. ఇంకొక్కరు అవతలి వైపు చేరి ఉంటే ఆ రోజు ఆ శిక్ష పడేది కాదు. ఆ ఒక్కరిని దూరం చేసినది ప్రాసిక్యూషన్ వాదన కన్నా న్యాయమూర్తి స్ట్రాచీ జ్యూరీకి చేసిన చివరి ఉపదేశమే కావచ్చు. 124-ఎ సెక్షన్‌లోని ‘డిసఫెక్షన్’ అన్న పదానికి ప్రభుత్వంపై ప్రేమ లేకపోవడమే అర్థమని ఆయన వివరించాడు. ఆ కొలత ప్రకారం ప్రభుత్వాన్ని ఘాటుగా విమర్శించే ఏ పత్రికా సంపాదకుడూ తప్పించుకోలేడు. న్యాయవాది ఎన్ని గంటలు మాట్లాడినా, చట్టంలోని కీలకపదానికి అర్థం చెప్పే అధికారమూ చివరిమాటా న్యాయమూర్తివే. తిలక్‌కు పదునెనిమిది నెలల కఠిన శిక్ష పడింది.

1908 జూలైలో తిలక్ మళ్లీ అదే హైకోర్టు ముందు నిలిచాడు. ఈసారి ఆధారం ‘కేసరి’లో వెలువడిన మరాఠీ వ్యాసాలు. న్యాయమూర్తి దిన్‌షా దావర్ 1897లో తిలక్ పక్షాన బెయిలు కోసం పనిచేసిన న్యాయవాదే. ఇప్పుడు జిన్నా సమర్పించిన బెయిలు దరఖాస్తును ఆయన తోసిపుచ్చాడు. ప్రభుత్వం స్పెషల్ జ్యూరీ కోరింది. జోసెఫ్ బాప్టిస్టా దీనిని వ్యతిరేకించాడు. స్పెషల్ జ్యూరీ జాబితాలో ఐరోపావారే ఎక్కువ, వారికి మరాఠీ రాదు, మరాఠీ వ్యాసాల స్వరాన్ని వారెలా తూచగలరన్నది ఆయన ప్రశ్న. ఆ ఆక్షేపణ నెగ్గలేదు. ఏడుగురు ఐరోపావారు, ఇద్దరు పార్సీలు జ్యూరీలో కూర్చున్నారు. లెక్క ప్రకారం పార్సీలిద్దరూ తన వైపే ఉన్నా, తిలక్‌కు కనీసం ఇద్దరు ఐరోపావారు కావాలి.

న్యాయశాస్త్ర పట్టభద్రుడైన తిలక్ తన కేసును తానే వాదించుకున్నాడు. ఆయన జ్యూరీని ఉద్దేశించి మాట్లాడిన సమయం దాదాపు ఇరవై ఒక్క గంటలు, అది అనేక రోజుల మీద సాగింది. ఈ సుదీర్ఘతను చరిత్రకారులు తరచూ ధైర్యానికి గుర్తుగా పేర్కొంటారు. దానిలోని వ్యూహం అంతకన్నా ఆసక్తికరం. మొదటగా, అనువాదంలో పదాల అర్థం ఎలా బిగుసుకుపోయిందో కోర్టు అనువాదకుణ్ణి ప్రశ్నించి చూపించాడు. మూలభాష తెలియని జ్యూరీ ముందు ఇది అత్యవసరం, అంతే ప్రమాదకరం కూడా. పదార్థ చర్చ ఎక్కువైతే వినేవాడు అలసిపోతాడు. రెండోది, ఆంగ్లో-ఇండియన్ పత్రికల రాతల కత్తిరింపులను దాఖలు చేసి, తన వ్యాసాలు ఒక వాగ్వివాదంలో ఇచ్చిన జవాబులని వాదించాడు. పత్రాలు దాఖలు చేసినందుకు చివరగా మాట్లాడే హక్కు ప్రభుత్వ న్యాయవాది బ్రాన్సన్‌కు దక్కింది. జ్యూరీ చెవిలో చివరగా పడే మాట విలువ తెలిసిన ఏ న్యాయవాదీ తేలికగా ఈ ధర చెల్లించడు. తిలక్ తెలిసే చెల్లించాడని భావించవలసి ఉంది. సందర్భం లేకుండా ఆ వ్యాసాలను చదివితే ఐరోపా జ్యూరీకి వాటిలో కనిపించేది శత్రుత్వం ఒక్కటే.

మూడో అంశం అన్నిటికన్నా లోతైనది. ఎర్స్కిన్ మొదలు ఇంగ్లండు జ్యూరీలు పత్రికా స్వేచ్ఛను కాపాడిన సంప్రదాయాన్ని తిలక్ ఆ ఐరోపా జ్యూరీకే గుర్తుచేశాడు. 1792 నాటి ఫాక్స్ చట్టం రాతపూర్వక నిందల కేసులో సమగ్ర తీర్పు చెప్పే హక్కును జ్యూరీకి ఇచ్చింది. వినేవారిని వారి స్వంత గౌరవభావంతోనే పట్టుకోవడం ఈ పద్ధతి. తన దేశంలో తాను గర్వించే విలువను మరొకరి దేశంలో పాటించమని ఇంగ్లీషు జ్యూరీ సభ్యుణ్ణి అడగడమన్నమాట. అది ఏడుగురిలో ఒక్కరినైనా కదిలించిందో లేదో తెలిసే మార్గం లేదు. జూలై 22 రాత్రి ఏడుగురు దోషి అని, ఇద్దరు కాదని తీర్పు వచ్చింది. దావర్ ఏకీభవించి ఆరేళ్ల ప్రవాసశిక్ష విధించాడు. అయితే ఆ ఇరవై ఒక్క గంటలలో తిలక్ మాట్లాడినది పెట్టెలోని తొమ్మిదిమందితోనే అనుకోవడం సరికాదు. అక్షరబద్ధమైన ఆ వాదన దేశమంతటా పాఠకులకు చేరింది. ఆ పాఠకలోకం జ్యూరీ ఓట్లకు లోబడేది కాదు.

ఒక్క సభ్యుని తేడా మద్రాసులోనూ మరోసారి కనిపించింది. 1944 నవంబరులో పత్రికాసంపాదకుడు లక్ష్మీకాంతన్ హత్య జరిగింది. ఆ కేసులో తమిళ చిత్రసీమ తారలు త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్‌లను మద్రాసు హైకోర్టు జ్యూరీ 6–3 ఆధిక్యంతో దోషులన్నది. ముద్దాయిల ప్రజాదరణ వారికి మేలు చేయలేదు. చివరకు ప్రీవీ కౌన్సిల్ జోక్యం తరువాత, 1947లో అప్పీలు తిరిగి విచారించిన హైకోర్టు వారిని విడుదల చేసింది. తారల ఖ్యాతి జ్యూరీని లొంగదీస్తుందన్న నమ్మకానికి ఇది ఎదురుసాక్ష్యం.

నానావతి: సానుభూతికి చట్టంలో చోటు

1959 ఏప్రిల్ 27న నౌకాదళ కమాండర్ కె.ఎం. నానావతి తన భార్య ప్రియుడైన ప్రేమ్ అహుజాను బొంబాయిలో అతని ఫ్లాట్‌లో తుపాకితో కాల్చి చంపాడు. వెంటనే పోలీసులకు లొంగిపోయాడు. ‘బ్లిట్జ్’ పత్రిక అతని పక్షాన ప్రచారం నడిపింది. ముద్దాయి నౌకాదళ యూనిఫారంలో కోర్టుకు వచ్చేవాడు. జ్యూరీ 8–1 ఆధిక్యంతో నిర్దోషి అన్నది. ఈ కథను ఉద్వేగం చట్టాన్ని ఓడించిన ఘట్టంగా చెప్పడం అలవాటైపోయింది.

డిఫెన్స్ నిర్మాణం దానికన్నా జాగ్రత్తగా జరిగింది. కార్ల్ ఖండాలావాలా నాయకత్వంలోని డిఫెన్స్ ప్రధాన వాదం ఇది: పెనుగులాటలో తుపాకి ప్రమాదవశాత్తు పేలింది. దాని వెనుక మరొక ఆధారం: ఒకవేళ కాల్చినా, తీవ్రమైన ఆకస్మిక ప్రేరేపణ వల్లనే. తర్కదృష్టితో ఈ రెండూ పొసగవు. జ్యూరీ మనస్తత్వం దృష్ట్యా పొసగుతాయి. మోసపోయిన భర్త మీద జ్యూరీకి జాలి అప్పటికే ఉంది, న్యాయవాది దానిని కొత్తగా పుట్టించలేదు. ఆ జాలిని మనస్సాక్షి కుట్టకుండా నిలుపుకోవడానికి చట్టంలో ఒక చోటు చూపించాడు. ‘ప్రమాదం’ అన్న మాట ఆ చోటు. జ్యూరీ ముద్దాయిని క్షమించినట్లు కాక, సాక్ష్యాన్ని అనుమానించినట్లు తనకు తాను చెప్పుకోగలిగింది.

ప్రాసిక్యూషన్ బలమైన అస్త్రం ఒక తువ్వాలు. స్నానం చేసి బయటకు వచ్చిన అహుజా ఒంటి మీద తువ్వాలు చెదరకుండా అలాగే ఉంది. తీవ్ర పెనుగులాట జరిగితే అది ఎలా నిలిచింది? న్యాయవాద దృష్టిలో ఇంతకన్నా మంచి వస్తుసాక్ష్యం దొరకదు. అది చిన్నది, కంటికి కనిపించేది, ఎవరికైనా అర్థమయ్యేది. అయినా జ్యూరీ ముందు ఓడింది. జ్యూరీ మనసు ఒక కథను ఎంచుకున్న తరువాత దానికి ఇమడని వస్తువును పక్కకు నెట్టివేస్తుందని ఇక్కడ చెప్పవచ్చు.

అయితే జ్యూరీ నిర్ణయం అంతిమం కాదు. సెషన్స్ జడ్జి ఆర్.బి. మెహతా 1898 కోడ్‌లోని 307వ సెక్షన్ కింద కేసును బొంబాయి హైకోర్టుకు నివేదించాడు. సమంజసంగా ఆలోచించే ఏ జ్యూరీ అయినా ఇచ్చి ఉండే తీర్పు ఇది కాదన్నది ఆయన అభిప్రాయం. హైకోర్టు 1960లో నానావతిని హత్యానేరంలో దోషిగా నిర్ణయించి యావజ్జీవశిక్ష విధించింది. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దానిని ధ్రువపరచింది. ఆ తీర్పు రాసినది రాజమహేంద్రవరంలో జన్మించి, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు.

సుబ్బారావు తీర్పును జ్యూరీ వాదనా శాస్త్రం దృష్టితో చదవడం ఫలప్రదం. నిరూపణ భారం ఎవరిదో, ‘ప్రమాదం’ అన్న రక్షణకు ఏ షరతులు వర్తిస్తాయో సెషన్స్ జడ్జి జ్యూరీకి సరిగా వివరించలేదని న్యాయస్థానం గుర్తించింది. అంటే జ్యూరీ ముందు డిఫెన్స్ చూపించిన ఆ చట్టపరమైన చోటు జడ్జి ఉపదేశంలోని లోపం వల్ల విశాలమైంది. ఆకస్మిక ప్రేరేపణ వాదాన్ని ఆయన గడియారంతో కొలిచాడు. భార్య ఒప్పుకోలు విన్న తరువాత నానావతి భార్యను, పిల్లలను సినిమాహాలు వద్ద దింపాడు, ఓడకు వెళ్లి అబద్ధపు కారణం చెప్పి రివాల్వరు తీసుకున్నాడు, తరువాతనే అహుజా ఇంటికి వెళ్లాడు. ఇల్లు విడిచినది ఒంటిగంటన్నరకు, కాల్పులు దాదాపు నాలుగూ ఇరవైకి. మధ్యలో గడిచిన సుమారు మూడు గంటలు ఆవేశం చల్లారడానికి చాలు. పైగా కాల్పుల తరువాత అది ప్రమాదమని అతడు ఎవరితోనూ చెప్పలేదు. జ్యూరీకి ఉద్వేగభరితమైన ఒకే ప్రవాహంగా వినిపించిన ఆ మధ్యాహ్నాన్ని సుబ్బారావు విడివిడి క్షణాలుగా పేర్చి చూపాడు. ఒకే సంఘటనావళి ఇద్దరు శ్రోతల చేతిలో రెండు కథలయింది.

నానావతి కేసు వల్లనే భారతదేశంలో జ్యూరీ రద్దయిందన్న ప్రచారానికి ఆధారం బలహీనం. లా కమిషన్ పదునాలుగో నివేదిక 1958లోనే, అంటే ఆ హత్య జరగడానికి ముందే, జ్యూరీ విధానం రద్దును సిఫారసు చేసింది. కొన్ని రాష్ట్రాలు అంతకుముందే దానిని కుదిస్తూ వచ్చాయి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి స్థానం లేకుండా పోయింది. జ్యూరీతో పాటు సామాన్య పౌరుడి మనసును చదివే ఆ వృత్తివిద్యకూ కోర్టులో పనిలేకపోయింది. నానావతికి మాత్రం 1964లో మహారాష్ట్ర గవర్నర్ విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష ప్రసాదించింది. ఉన్నత న్యాయస్థానాలలో చెల్లని విజ్ఞప్తి రాజ్‌భవన్‌లో చెల్లింది.

క్రిమినల్ న్యాయస్థానాల నుంచి వెళ్లిపోయిన ఆ పద్ధతి ఛాయ భారతదేశంలో ఒకచోట మిగిలింది. 1936 నాటి పార్సీ వివాహ, విడాకుల చట్టం కింద ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానాలలో ఆ సమాజానికి చెందిన ‘డెలిగేట్లు’ న్యాయమూర్తితో కూర్చుని వాస్తవాంశాల మీద నిర్ణయం చెబుతారు.